ఏ హోటల్‌కి ఆ వేళ



హైదరాబాదులో బిర్యానీ ఎక్కడ బాగుంటుందని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. ఎన్ని గంటలకు బాగుంటుందని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ముందు అడగాల్సింది అదే. కచ్చీ బిర్యానీ అంటే మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, దేగ్ అనే పెద్ద పాత్రలో దమ్ మీద మగ్గనిచ్చే వంట. ఆ దేగ్ మూత తీసిన గంటలోపు తింటే మాంసం వేళ్ళకే విడిపోతుంది, మెతుకు మెతుకుకీ పరిమళం ఉంటుంది. మూడు గంటలు దాటాక అదే దేగ్ అడుగున మిగిలింది తింటే మెతుకు బిరుసెక్కి, మసాలా ఒక్కటే నాలుకకు తగులుతుంది. మదీనా దగ్గర షాదాబ్‌కి గానీ, బషీర్‌బాగ్‌లో కేఫ్ బహార్‌కి గానీ మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్ళండి. సాయంత్రం నాలుగింటికి వెళ్ళి బిర్యానీ బాగాలేదని తీర్పు చెప్పడం ఆ వంటవాడికి అన్యాయం చేయడమే.

ఈ పూట నేను మాట్లాడబోయేది మన ఊళ్ళోని ఇలాంటి హోటళ్ళ గురించి. ఊరంతా బ్రాంచీలున్న పెద్ద సంస్థల సంగతి వాళ్ళ ప్రకటనలే చెబుతాయి. నేను చెప్పేవి సొంత మనుషులు నడుపుకునేవి. ఒక యజమాని, ఒక వంటిల్లు, గల్లాపెట్టె దగ్గర ఆ ఇంటి మనిషి. వాళ్ళు బాగా వండేది ఒకటో రెండో. దానికో వేళ ఉంటుంది. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహారానికి పేరుపడ్డ సృజనాత్మక నగరాల్లో చేర్చింది. ఆ గౌరవంలో పెద్ద వాటా ఈ చిన్న హోటళ్ళదేనని నా గట్టి నమ్మకం.

వేళ అనగానే మొదట తెల్లవారుజామే గుర్తొస్తుంది. చలికాలంలో ఇంకా చీకటి ఉండగానే నయాపూల్ దగ్గర నయాబ్ హోటల్‌కి జనం చేరతారు. సన్నటి సెగ మీద రాత్రంతా ఉడికిన నహారీ, పాయా. పక్కన కుల్చా గానీ, నాలుగు మూలల నాన్ గానీ. ఆ నాన్‌కి పేరుపడ్డ దుకాణం పురానీ హవేలీ దగ్గర ఉంది, మున్షీ నాన్. 1851లో పెట్టింది. తందూర్ గోడకు అంటించి కాల్చే ఆ నాన్ వేడి మీద మెత్తగా ఉంటుంది, చల్లారితే అట్టలా బిగుస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు దుకాణం ముందు నిలబడి పట్టుకెళ్తారు. తొమ్మిది దాటాక నహారీ కోసం వెళ్తే గిన్నె కడుగుతున్న చప్పుడే వినిపించవచ్చు. అయిపోయిందని చెప్పగలిగే హోటలంటే నాకు గౌరవం. నిన్నటిది దాచి ఇవాళ పెట్టడం లేదని ఆ మాటకు అర్థం.

అదే వేళకు చార్‌కమాన్ పక్కన గోవింద్ బండి మీద పెనం వేడెక్కుతుంది. దోసె మీద ఉప్మా, కారప్పొడి, ఉల్లిపాయ, టమాటా, వాటి మీద గరిటెడు వెన్న. గుంటూరు నుంచో కాకినాడ నుంచో వచ్చిన మన బంధువులు దాన్ని చూసి ఇదేం దోసె అని ముఖం చిట్లిస్తారు. వాళ్ళింటి దోసెతో పోల్చి చూడటం వల్ల వచ్చిన చిక్కది. ఇది పాతబస్తీ దోసె. తెల్లవారకముందే దుకాణాలు తెరిచే వ్యాపారులు, హమాలీలు, ఆటోవాళ్ళు నిలబడి తిని పనికి వెళ్ళే దోసె. మధ్యాహ్నందాకా ఆకలి వేయకూడదు కదా, అందుకే అంత వెన్న.

ఇరానీ హోటళ్ళ దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఇవి లేకపోతే మన ఊరికి కూర్చుని మాట్లాడుకునే అలవాటే ఇంతగా వచ్చేది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరాన్‌లోని యజ్ద్ వైపు పల్లెలవాళ్ళు బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి, పుణె చేరారు. అక్కణ్ణించి కొందరు నిజాం రాజ్యానికి వచ్చి హోటళ్ళు పెట్టారు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఎక్కువగా వీధి మలుపు మీద, రెండు రోడ్లకూ తలుపులు తెరిచి ఉండేవి ఈ హోటళ్ళు. లోపల పాలరాతి పలకల బల్లలు, గుండ్రటి చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, గల్లా మీద గాజు సీసాల్లో బిస్కెట్లు.

ఇరానీ చాయ్‌లో పాలూ తేయాకూ కలిపి మరిగించరు. డికాక్షన్ ఒక పాత్రలో, మూత బిగించి, సన్న సెగ మీద చాలాసేపు ఊరుతుంది. పాలు ఇంకో పాత్రలో చిక్కబడేదాకా కాగుతూనే ఉంటాయి. కప్పులో ముందు డికాక్షన్, తర్వాత పాలు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనాలి. డికాక్షన్ మరీ ఎక్కువసేపు మరిగితే చేదెక్కుతుంది కాబట్టి ఇక్కడా వేళ ఉంది. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకు, కొత్త డికాక్షన్ దించినప్పుడు తాగాలి. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో బిస్కెట్లు పొయ్యిలోంచి ట్రేల మీద నేరుగా గల్లాకు వస్తాయి. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద ఉస్మానియా బిస్కెట్ అంటాం కదా, తీపీ ఉప్పూ కలిసిన ఆ బిస్కెట్ వేడిగా తిన్నవాళ్ళకు డబ్బాలో కొన్నది నచ్చదు.

ఒక కప్పు చాయ్ తాగి గంటసేపు కూర్చున్నా లెమ్మనని హోటళ్ళవి. ‘వన్ బై టూ’ అంటే ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి ఇచ్చేవాళ్ళు, ముఖం మాడ్చుకునేవాళ్ళు కాదు. ఆబిడ్స్‌లో ఓరియెంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, విద్యార్థులు, పత్రికలవాళ్ళు, రాజకీయ కార్యకర్తలు అక్కడే చేరేవారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. ఊరి సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు దాని పేరు తలవకుండా ముందుకు వెళ్ళలేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకు పరదా వేసిన ఫ్యామిలీ సెక్షన్ ఉండేది, అదీ అన్నిచోట్లా కాదు. మా అమ్మ తరంలో చాలామంది ఈ హోటళ్ళను బస్సు కిటికీలోంచే చూశారు. ఇరానీ చాయ్ వాళ్ళకు ఫ్లాస్కులో ఇంటికి వచ్చేది. ఇవాళ చార్మినార్ దగ్గర కాలేజీ ఆడపిల్లలు గుంపుగా నిలబడి సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పాత హోటళ్ళ గురించి దిగులుపడే వ్యాసాల్లో ఈ మార్పు ప్రస్తావన కనిపించదు. ఉండాలి.

ఇరానీ హోటళ్ళు ఎందుకు తగ్గిపోయాయో అందరికీ తెలుసు. మలుపు మీది స్థలం ఖరీదు పెరిగింది. చాయ్ కప్పు మీద వచ్చే లాభంతో ఆ అద్దె కట్టడం కుదరలేదు. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్ళారు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయాయి. కానీ చాయ్ పోలేదు. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ కేఫ్ ఉంది చూడండి, 1978లో మొదలైంది. దాన్ని ఇంత పేరుకు తెచ్చింది ఆదిలాబాద్ జిల్లా నుంచి పిల్లవాడిగా పని వెతుక్కుంటూ వచ్చి, అదే హోటల్లో బల్లలు తుడిచి, చాయ్ కాచడం నేర్చుకుని, చివరికి దాన్ని కొనుక్కున్న బాబూరావు. యజ్ద్ నుంచి వచ్చిన చాయ్ ఆదిలాబాద్ మనిషి చేతిలో నిలబడింది. మన ఊరి వంటలు ఇలాగే చేతులు మారుతూ బతికాయి.

ఇక సాయంత్రం ఆరు తర్వాత. ఏ పేటలో చూసినా రోడ్డు పక్కన జొన్నరొట్టెల బండి కనిపిస్తోంది. పాతికేళ్ళ క్రితం ఈ ఊళ్ళో జొన్నరొట్టె బయట దొరకడం అరుదు. పల్లె నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లో చేసుకునేవాళ్ళు, ఎవరైనా చూస్తే పేదరికం అనుకుంటారేమోనని సంకోచపడేవాళ్ళు. ఇప్పుడు షుగరున్న పెద్దమనుషులు కార్లు ఆపి వరసలో నిలబడుతున్నారు. ఈ బండ్ల దగ్గర రొట్టె చేసేది దాదాపుగా ఆడవాళ్ళే. నేను మాట్లాడినవాళ్ళల్లో ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. పిండిలో మరుగుతున్న నీళ్ళు పోసి కలుపుతారు. చల్లనీళ్ళతో కలిపితే జొన్నపిండి సాగదు, అంచులు పగులుతాయి. పీట మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ, గుండ్రంగా తిప్పుతూ పెద్దది చేస్తారు. ఆ చప్పుడు వింటేనే చేసే మనిషి అనుభవం తెలుస్తుంది. పెనం మీద వేశాక పై వైపు తడిచేత్తో నీళ్ళు రాస్తారు. తిప్పి, నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది.

పక్కన పాలకూర పప్పు, వంకాయ కూర, పచ్చిమిర్చి తొక్కు, కొన్నిచోట్ల నాటుకోడి, బోటి కూర. నేనైతే తొక్కుతోనే తింటాను. రొట్టె పొంగిన రెండు నిమిషాల్లో తినాలి, అక్కడే నిలబడి. కవర్లో చుట్టి ఇంటికి తీసుకెళ్తే ఆవిరికి మెత్తబడి, తర్వాత గట్టిపడుతుంది. రొట్టె చేసే ఆవిడ అంతసేపు మంట ముందు కూర్చుని చేసిన పని కవర్లో పోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. మీరూ అక్కడే తినండి. నిలబడటానికి జాగా లేకపోతే బండి మీద ఆనుకునైనా తినండి.

మెస్సుల సంగతికి వస్తాను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి ఉద్యోగులు, విద్యార్థులు ఈ ఊరికి తరలివచ్చారు. వాళ్ళ వెంట మెస్సులూ వచ్చాయి. ఆ తర్వాత అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు వెలిశాక, హాస్టల్ గదుల్లో ఉండే పిల్లల కోసం ఆ సందుల నిండా మెస్సులే. ముద్దపప్పు, ఆవకాయ, కందిపొడిలో నెయ్యి, ఒక వేపుడు, ఒక పులుసు, చారు, గడ్డపెరుగు. మంచి మెస్సును నేను చారుతో గుర్తుపడతాను. కూరలకు నూనె, కారం దట్టించి లోపాన్ని దాచవచ్చు. చారులో దాచలేరు. చింతపండు పాతదైనా, మిరియాలు అప్పుడు దంచినవి కాకపోయినా, పోపు మాడినా వెంటనే తెలిసిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపల వెళ్ళండి. అప్పుడు చారు మీద పోపు వాసన ఇంకా ఉంటుంది, వేపుడు మెత్తబడి ఉండదు, వడ్డించే మనిషి విసిగిపోయి ఉండడు.

రాయలసీమ భోజనం పెట్టేచోట రాగిసంగటి అడగండి. వేడి ముద్ద మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోసుకోవాలి. కర్నూలు, అనంతపురం వైపువాళ్ళు నడిపే టిఫిన్ దుకాణం మీ పేటలో ఉంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తప్పక తినండి. బొరుగులు నానబెట్టి, పుట్నాలపొడి వేసి తాళింపు పెట్టే ఆ వంటకం పెద్ద హోటళ్ళ మెనూలో కనపడదు. ఎందుకంటే బొరుగులు తడిసిన పావుగంటకే దాని పని అయిపోతుంది.

కర్రీ పాయింట్లను చాలామంది హోటళ్ళ లెక్కలో వేయరు. నేను వేస్తాను. ఇంట్లో అన్నం వండుకుని, పప్పు, కూర, సాంబారు ప్యాకెట్లలో తెచ్చుకోవడం ఈ ఊరి ఉద్యోగస్తుల ఇళ్ళకు ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. మంచి కర్రీ పాయింట్ వెనకాల ఇంటి వంట చేతిలో ఉన్న ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళ పేరు బోర్డు మీద ఉండదు.

ఊరికి దక్షిణాన బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లు అక్కడ ఉండేవి. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఉదయాన్నే హరీస్ దొరుకుతుంది, గోధుమ, మాంసం కలిపి మెత్తగా మెదిపింది, ఉప్పుదీ ఉంటుంది, తీపిదీ ఉంటుంది. రంజాన్‌లో మనం ఎగబడి తినే హలీంకు ఇది దగ్గరి చుట్టం. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది కానీ, ఆ వంట ఏ దారిన వచ్చిందో చూడాలంటే బార్కస్ వెళ్ళాలి. రాత్రికి అక్కడ మందీ. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద నిదానంగా ఉడికిన మాంసం, చుట్టూ నలుగురైదుగురు నేల మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తినాలి. మసాలా చాలా తక్కువ. బిర్యానీ కారానికి అలవాటుపడ్డ నాలుకకు మొదట చప్పగా అనిపిస్తుంది, నాలుగో ముద్దకు మాంసం రుచి తెలుస్తుంది. ఇటీవల ఊరంతా మందీ హోటళ్ళు వెలిశాయి. కొన్నిచోట్ల అన్నానికి రంగు, మాంసానికి కారం వేసి బిర్యానీకి తమ్ముణ్ణి చేసేశారు. బార్కస్‌లో తిన్నాక మీకే తేడా తెలుస్తుంది.

ఐస్‌క్రీంకి కూడా కాలం ఉందని చెప్పి ముందుకు వెళ్తాను. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీం దుకాణం ఉంది. అక్కడ వేసవిలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. సీతాఫలం మేలో అడగకండి.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్‌లో ఆర్డరు చేసుకునే పద్ధతి వచ్చాక ఈ హోటళ్ళకు కొత్త గిరాకీ వచ్చింది, నిజమే. జబ్బుపడ్డవాళ్ళకు, ముసలివాళ్ళకు, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకు అది పెద్ద మేలు. కానీ ఫోన్‌లో చూసే మనిషికి అన్ని వేళల్లోనూ అన్నీ కావాలి. రాత్రి పదింటికి ఇడ్లీ, పొద్దున్నే బిర్యానీ. బిల్లులో పెద్ద భాగం కమిషన్‌గా పోతే హోటలువాడు నాణ్యంలోనో, కొలతలోనో తగ్గిస్తాడు. మా పేటలో ఒక మెస్సు ఉంది. చేపల పులుసుకు పేరు. ఆర్డర్లు పెరగాలని నూడిల్స్, ఫ్రైడ్‌రైస్, పనీర్ కూరలు మొదలుపెట్టారు. మెనూ నాలుగు పేజీలైంది. పులుసు పెట్టే పెద్దావిడ ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడక్కడ ఏదీ బాగుండదు. ఆ యజమానిని నేను తప్పుపట్టను. అడిగినవాళ్ళం మనమే.

అందుకని నా తీర్పు ఇది. మెనూ చిన్నదైతే నమ్మండి. గోడ మీద బోర్డులో ఐదారు పేర్లుండి, వాటిలో రెండు చెరిపేసి ఉంటే ఇంకా నమ్మండి. అవి అయిపోయాయని అర్థం. శుభ్రం సంగతి అడుగుతారు, అడగాలి కూడా. పద్నాలుగు అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు కనపడేలా పెట్టారేమో చూడండి. వంటిల్లు కనిపిస్తే తొంగిచూడండి. తాగే నీళ్ళు ఎక్కడ పట్టారో అడగండి. జనం ఎక్కువ వచ్చేచోట వండింది నిలవ ఉండదు, అదీ ఒక భరోసా. గిన్నెలు కడిగే నీళ్ళు మురికిగా ఉంటే పేరెంత గొప్పదైనా లేచి వచ్చేయండి.

బాగుంటే బాగుందని చెప్పండి, గల్లా దగ్గర కాదు, వండిన మనిషికి వినిపించేలా. ఉప్పెక్కువైతే అదీ అక్కడే నెమ్మదిగా చెప్పండి. వాళ్ళు చేయనిది చేయమని అడగకండి. తిన్నాక బల్ల కోసం ఎవరైనా ఎదురుచూస్తుంటే లేవండి. ఎవరూ లేకపోతే ఇంకాసేపు కూర్చోండి.

ఈ ఆదివారం మీ పేటలో మీరింతవరకు అడుగుపెట్టని ఒక చిన్న హోటల్ ఎంచుకోండి. అక్కడ ఏది ఎన్ని గంటలకు దించుతారో ముందు రోజే వెళ్ళి కనుక్కోండి. ఆ వేళకు ఇంటిల్లిపాదీ వెళ్ళి, అక్కడే కూర్చుని, వేడివేడిగా తిని రండి.